సామానుంది, మనుషులున్నారు, మరి ఫీడరు ఎందుకు ఛార్జ్ కాలేదు?

మీ ప్రశ్న ఇది. విశాఖలో మధురవాడ వైపు మూడు 11 కేవీ ఫీడర్లను, అంటే సబ్‌స్టేషన్ నుంచి వీధుల్లోని ట్రాన్స్‌ఫార్మర్లకు కరెంటు తెచ్చే లైన్లను, స్తంభాల మీద నుంచి భూగర్భ కేబుల్‌కు మారుస్తున్నారు. మొత్తం 18 కిలోమీటర్లలో 13 కిలోమీటర్ల కేబుల్ పడింది. డబ్బుకు ఇబ్బంది లేదు, స్టోర్లో సామానుంది, గ్యాంగులున్నాయి. అయినా గడువు దాటిపోయింది, ఒక్క ఫీడరూ ఛార్జ్ కాలేదు, అంటే ఒక్కదానిలోనూ కరెంటు పారలేదు. రిసోర్స్ ప్లానింగ్ అంటే ఆఫీసులో నింపే ఎక్సెల్ షీటేనా, దానివల్ల ప్రాజెక్టు పనితీరు నిజంగా మారుతుందా అని అడిగారు. వానలకు ఇంకా రెండు నెలలే ఉందని కూడా రాశారు.

మారుతుంది. చాలా మారుతుంది. నా ఉద్యోగం అంతా ఉత్తరాంధ్రలో డిస్ట్రిబ్యూషన్ నిర్మాణ పనుల్లోనే గడిచింది. ఈ ప్రాంతంలో నేను చూసిన ఆలస్యాల్లో ఎక్కువ వాటికి కారణం డబ్బు కాదు, సామాను కొరత కూడా కాదు. కావలసినవన్నీ ఎక్కడో ఒకచోట ఉంటాయి, కానీ ఒకే చోటికి ఒకే రోజుకి చేరవు. అంతకంటే ముఖ్యం, ఆ పనికి అన్నిటికన్నా అరుదుగా దొరికేది ఏదో ముందు తేల్చుకోరు. సులువుగా దొరికేదానితో పని మొదలుపెడతారు. కేబుల్ డ్రమ్ములు వచ్చాయి, జేసీబీ ఖాళీగా ఉంది, కాబట్టి తవ్వేద్దాం అంటారు. మీ 13 కిలోమీటర్లు అలా పడినవే అని నా అనుమానం.

నగరంలో ఫీడరు మార్పిడి పనికి అరుదైనవి మూడు: రోడ్డు తవ్వే అనుమతి, కేబుల్ ముక్కలను అతికే మంచి జాయింటరు, పని కోసం సప్లై ఆపి ఇచ్చే లైన్ క్లియర్. వీటిలో ఒక్కటీ స్టోర్ లెడ్జర్‌లో కనిపించదు. అందుకే ఎవరూ ప్లాన్‌లో రాయరు.

ముందు జాయింటరు సంగతి చూద్దాం. మీ పనినే ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. సగటున 500 మీటర్లకు ఒక ఆర్‌ఎంయూ (కేబుళ్లను కలిపి విడదీసే స్విచ్‌ల పెట్టె) అనుకుంటే 18 కిలోమీటర్లకు 36 ముక్కలు. డ్రమ్ము 250 మీటర్లదైతే ప్రతి ముక్కలో మధ్యన రెండు కేబుళ్లను కలిపే ఒక స్ట్రెయిట్ త్రూ జాయింటు, రెండు చివర్లా కేబుల్‌ను ఆర్‌ఎంయూకి బిగించే రెండు టెర్మినేషన్లు. అంటే 36 జాయింట్లు, 72 టెర్మినేషన్లు, కలిపి 108 పనులు. ఒక మంచి జాయింటరు హెల్పరుతో కలిసి రోజుకు ఒకటి, కలిసొస్తే రెండు చేస్తాడు. సగటున ఒకటిన్నర వేసుకున్నా 72 పనిదినాలు. తవ్వకానికి నాలుగు గ్యాంగులు పెట్టి, జాయింటింగ్‌కి ఒకే టీమును పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అదే డ్రమ్ములు 500 మీటర్లవి ఆర్డర్ చేసి ఉంటే ఆ 36 మధ్య జాయింట్లు ఉండేవే కావు, 48 రోజుల్లో తేలిపోయేది. ఐతే 300 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల కేబుల్ 500 మీటర్లంటే డ్రమ్ము బరువు నాలుగు టన్నుల పైమాటే. మధురవాడ కొండవాలు సందుల్లోకి దాన్ని ఎక్కించడానికి హైడ్రా క్రేను తిరిగే చోటు చూసుకోవాలి. డ్రమ్ము పొడవు, ఆర్‌ఎంయూ దూరం, క్రేను, జాయింటరు రోజులు, ఈ నాలుగూ కలిపి కొనుగోలు ఆర్డరు పెట్టకముందే కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. రిసోర్స్ ప్లానింగ్ అంటే నా దృష్టిలో మొదట ఇదే.

జాయింటింగ్ దగ్గర కాసేపు నిలబడి చూస్తే తొందరపెట్టడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. పై పొర, ఆర్మర్ ఒలిచాక, కాపర్ టేపు తీశాక, ఇన్సులేషన్ మీద నల్లటి సెమీకండక్టింగ్ పొర ఉంటుంది. దాన్ని కొలిచినంత మేరే, కింది తెల్లటి ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్‌కి గాటు పడకుండా తీయాలి. గోటితో గీసినంత గాటు ఉన్నా, వేలి చెమట మరక ఉన్నా ఎప్పుడో ఒకనాడు అక్కడే పేలుతుంది. శుభ్రం చేసే గుడ్డను తెల్ల ఇన్సులేషన్ మీద నుంచి నల్ల పొర వైపే తుడవాలి, నల్లదాని వైపు నుంచి తెల్లదాని వైపు అసలే తుడవకూడదు. రెండు కండక్టర్లను కలిపే ఫెర్రూల్ గొట్టాన్ని నొక్కి బిగించేటప్పుడు (క్రింపు) సరైన సైజు డై వాడాలి. వేడికి కుంచించుకుపోయే హీట్ ష్రింక్ స్లీవును మంటతో మధ్య నుంచి చివర్లకు, గాలి బుడగ నిలవకుండా దించాలి. గోతిలో నీరు ఊరుతుంటే ఇవేవీ కుదరవు. పైన టార్పాలిన్, అడుగున నీళ్లు తోడే పంపు, పక్కన గ్యాస్ సిలిండరు, ఇవన్నీ కూడా రిసోర్సులే. జాయింటరు వచ్చాక పంపు కోసం కబురు పెడితే ఆ రోజు పోయినట్టే.

రోడ్డు అనుమతి సంగతికొస్తే, నగరపాలక సంస్థ జీవీఎంసీకి రోడ్డు పునరుద్ధరణ డబ్బు కట్టి ఒక గడువుకు అనుమతి తెచ్చుకుంటాం. ఎన్‌హెచ్-16 దాటాలంటే జాతీయ రహదారుల సంస్థ అనుమతి వేరు, రైల్వే ట్రాక్ కిందికైతే రైల్వేది వేరు. ఈ రెండింటికీ నెలలు పడుతుంది. మొత్తం రూటులో దాటాల్సింది 60 మీటర్లే కావచ్చు, ఆ 60 మీటర్లు లేకపోతే మిగతా ఆరు కిలోమీటర్లూ నిరుపయోగం. కాబట్టి దరఖాస్తులన్నిటికంటే ముందు వెళ్లాల్సింది ఆ క్రాసింగ్‌దే. రెండోది నేల. యెండాడ, మధురవాడల్లో కొంచెం తవ్వగానే ఖొండలైట్ రాయి తగులుతుంది. బీచ్ రోడ్డు వైపు ఇసుక, పాతనగరం పల్లపు వీధుల్లో ఊట నీరు. మూడు చోట్లా ఒకే గ్యాంగుతో రోజుకింత అని ఒకే రేటు వేసి షెడ్యూలు రాస్తే మొదటి వారమే తప్పుతుంది. రాయిలో పనిచేసే డ్రిల్లింగ్ మిషను వేరు, దాని అద్దె వేరు. రూటు మీద అక్కడక్కడా ట్రయల్ పిట్లు తవ్వి చూడటానికి అయ్యే ఖర్చు, తర్వాత పగిలిన మంచినీళ్ల పైపుకి కట్టే దానితో పోలిస్తే లెక్కలోకి రాదు.

లైన్ క్లియర్ విషయంలో చాలామంది కుర్ర ఇంజనీర్లు పొరబడతారు. అడిగితే ఇస్తారు అనుకుంటారు. వేసవిలో విశాఖ ఉక్కపోతలో ఏసీల లోడు మీద ఫీడర్లు నిండుగా నడుస్తుంటాయి. పక్క ఫీడరు మీదికి లోడు మార్చడానికి చోటుండదు. అలాంటప్పుడు సప్లై ఆపమంటే ఆపరేషన్ ఏఈ (సరఫరా చూసే అసిస్టెంట్ ఇంజనీరు) ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం అతని తప్పు కాదు. అతనికి ఆస్పత్రులున్నాయి, ఐటీ కంపెనీలున్నాయి, తాగునీటి పంపులున్నాయి. ఇచ్చినా ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా అనుకోండి, అందులో స్విచ్ తెరిచి, వోల్టేజీ లేదని చూసుకుని, రెండు వైపులా ఎర్త్ వేసేసరికి (లైనును భూమికి కలిపేసరికి) అరగంట. తిరిగి అన్నీ తీసి, మనుషులందరూ కిందికి దిగారని లెక్కపెట్టి, క్లియరెన్స్ వెనక్కి ఇవ్వడానికి ఇంకో అరగంట. మిగిలేది నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో చేయగల పని ఎంతో అంతే ప్లాన్‌లో పెట్టాలి. దానికి కావలసిన ప్రతి లగ్గు, ప్రతి బోల్టు ముందురోజు సాయంత్రానికే సైటులో ఉండాలి.

ఇక్కడే భద్రత గురించి చెప్పాలి. ఈ విషయంలో నాకు సర్దుబాటు లేదు. ఎన్ని గ్యాంగులుంటే అన్ని సెట్ల ఎర్తింగ్ రాడ్లు, అన్ని వోల్టేజీ డిటెక్టర్లు, అందరికీ హెల్మెట్లు, బెల్టులు ఉండాలి. లైన్ క్లియర్ తీసుకున్నాం కదా అని ఒకవైపే ఎర్త్ వేసి ఎక్కితే, ఏ అపార్ట్‌మెంట్ జనరేటరో తప్పుగా కలిపి ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా కరెంటు వెనక్కి 11 కేవీగా వస్తుంది. గడువు దగ్గరపడిందని గ్యాంగులను రెట్టింపు చేసి, ఎర్తింగ్ సెట్లు మాత్రం పాతవే ఉంచడం నేను కళ్లారా చూశాను. అది ప్లానింగ్ లోపమే, ప్రాణాల మీదికి తెచ్చే లోపం. గ్యాంగు పెంచే ఆర్డరూ ఎర్తింగ్ సెట్ల ఇండెంటూ ఒకే కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, రోడ్డు తవ్వే అనుమతి దొరకడం కష్టం. జులై, ఆగస్టుల్లో వరినాట్లకు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారు. ఆ రోజుల్లోనే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, 32 కిలోమీటర్ల దారి, లక్షల మంది నడుస్తారు. హనుమంతవాక నుంచి ఎన్‌ఏడీ దాకా ఆ దారిలో తెరిచిన గొయ్యి ఒక్కటీ ఉండకూడదు. అక్టోబరు, నవంబరులు తుపానుల నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న. జనవరిలో సంక్రాంతికి గ్యాంగు మొత్తం వారం పదిరోజులు ఉండదు. మార్చి చివర్లో స్టోర్ల లెక్కలు, బిల్లుల హడావిడి. ఏప్రిల్, మే వచ్చాయంటే లైన్ క్లియర్ దొరకదు. ఏడాదిలో అన్నీ కలిసొచ్చే రోజులు డిసెంబరు నుంచి మార్చి మధ్య దాకా, అందులోనూ సంక్రాంతి తీసేస్తే మూడు నెలలు. విశాఖలో ఫీడరు మార్పిడి ప్లానంతా ఆ మూడు నెలల మీద నిలబెట్టాలి. టెండరు, డ్రాయింగులు, ఇన్‌స్పెక్షన్లు, అనుమతులు, ఫౌండేషన్లు అన్నీ డిసెంబరు ఒకటికి సిద్ధంగా ఉండేలా వెనక్కి లెక్కేసుకోవాలి. వర్క్ ఆర్డరు తేదీ నుంచి ముందుకు పన్నెండు నెలలు అని గీసే బార్ చార్టు ఇక్కడ పనికిరాదు.

సామాను గురించి రెండు మాటలు. స్టోర్లో ఉంది అన్నది చాలదు, సెట్టుగా ఉందా అని చూడాలి. ఓవర్‌హెడ్ లైన్లలో ఇది రోజూ కనిపించేదే. 9.1 మీటర్ల స్తంభాలు ఒకటిన్నర మీటర్ల లోతున పాతేసి ఉంటాయి, వైర్లను మోసే వీ క్రాస్ ఆర్ములు ఉంటాయి, స్తంభం కొనకు బిగించే టాప్ క్లీట్లు రావు. టాప్ క్లీట్ ఖరీదు చాలా తక్కువ, దానికోసం కిలోమీటర్ల లైను నెలల తరబడి బోడిగా నిలబడుతుంది. పాడేరు కొండల మీది గూడేలకైతే స్తంభాన్ని మనుషులు మోసుకెళ్లాలి. అక్కడికి చేరాక ఒక క్లాంపు తక్కువైందంటే మళ్లీ రోజంతా కిందికీ పైకీ. అందుకే మా స్టోర్లలో ఐటమ్ వారీగా కాక స్ట్రక్చర్ వారీగా మూటకట్టి ఇవ్వమని పట్టుబట్టేవాణ్ని. ఒక డీపీకి (జంట స్తంభాల నిర్మాణానికి) కావలసినవన్నీ ఒక సంచిలో, మీద లొకేషన్ నంబరు. మీకైతే ఒక్కో ఆర్‌ఎంయూకీ అలాగే చేయండి: టెర్మినేషన్ కిట్లు, లగ్గులు, గ్లాండులు, ఎర్త్ పైపులు, రూటు మార్కర్లు.

సముద్రం పక్కన ఇంకో జాగ్రత్త. ఉప్పుగాలి, గాజువాక, పోర్టు వైపైతే దానికి తోడు బొగ్గుపొడి. ఇన్సులేటర్ల మీద ఆ పొర పేరుకుని, తొలకరి చినుకులకి ఇన్సులేటరు మీదుగా కరెంటు దూకే ఫ్లాష్‌ఓవర్లు వరసగా అవుతాయి. కాలుష్యం మామూలుకన్నా ఎక్కువైన చోట కిలోవోల్టుకు 25 మిల్లీమీటర్ల క్రీపేజ్ (ఇన్సులేటరు ఉపరితలం వెంట దూరం) సరిపోతే, తీరం వెంబడి 31 కావాలి. 11 కేవీ లైను గరిష్ఠ వోల్టేజీ 12 కేవీ, దానికి 300 మిల్లీమీటర్లా 372 మిల్లీమీటర్లా అన్నది ఆర్డరు పెట్టేనాడే తేలాలి. సర్కిల్ మొత్తానికి ఒకే స్పెసిఫికేషన్ కొనేస్తే పని సకాలంలో అయినట్టే కనిపిస్తుంది, తర్వాత ప్రతి ఏడూ ఆపరేషన్ వాళ్లు బాధపడతారు. గడువులోపు అయిందా లేదా అన్నదొక్కటే పనితీరు కాదు. వేసిన లైను ఎన్నిసార్లు ట్రిప్ అయింది, వినియోగదారుడికి ఎన్ని గంటలు కరెంటు పోయింది, నష్టాలు ఎంత తగ్గాయి, ఇవన్నీ ప్రాజెక్టు పనితీరులో భాగమే.

మీరు డబ్బుకు ఇబ్బంది లేదన్నారు. ఐతే ఆ డబ్బు ఏ పనికి ముందు అందుతోందో చూశారా? చాలా కాంట్రాక్టుల్లో సామాను సైటుకి చేరగానే విలువలో పెద్ద వాటా చెల్లిస్తారు, ఇరెక్షన్‌కి (బిగింపుకి) చిన్న వాటా, కమిషనింగ్‌కి (ఛార్జ్ చేసి అప్పగించడానికి) మరీ చిన్నది. అప్పుడు కాంట్రాక్టరు ఖరీదైన కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్లు ముందు తెచ్చి దించుతాడు. శ్రమ ఎక్కువ, బిల్లు తక్కువ ఉన్న జాయింట్లు, టెర్మినేషన్లు, పాతలైను విప్పడం చివరికి నెడతాడు. అతన్ని తిట్టి లాభం లేదు, ఒప్పందమే అతన్ని అటు నడిపిస్తోంది. చెల్లింపులో మంచి వాటాను సెక్షన్ ఛార్జ్ కావడానికి ముడిపెట్టండి. నేను ఇచ్చే సలహాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం చూసింది దీనివల్లే. 10 కోట్ల సామాను ఛార్జ్ కాకుండా ఏడాది పడి ఉంటే, 10 శాతం వడ్డీకి కోటి రూపాయలు ఊరికే పోతాయి. సరఫరా తేదీ నుంచి గ్యారంటీ లెక్కేసే ఒప్పందమైతే ఆ ఏడాది గ్యారంటీ కూడా పోతుంది. పైగా కరెంటు లేని కేబుల్‌కి కాపలా ఉండదు. ఇంకో శాఖ జేసీబీ దాన్ని తెంపినా ట్రిప్ కాదు, ఎవరికీ తెలియదు. మీరు ఎక్కువ వోల్టేజీతో హైపాట్ టెస్టు చేసేనాడు బయటపడుతుంది.

ఇంకో మాట, దేశమంతా ఒకేసారి కొంటున్నప్పుడు మార్కెట్ మన షెడ్యూలు వినదు. 2017 సెప్టెంబరులో ఇంటింటికీ కరెంటు ఇచ్చే సౌభాగ్య పథకం ప్రకటించాక కండక్టర్లకూ, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకూ అన్ని రాష్ట్రాలూ ఒకేసారి ఎగబడ్డాయి. 2021లో కేంద్రం ఆమోదించిన విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) మెరుగుదల పథకం ఆర్‌డీఎస్‌ఎస్ మొత్తం 3,03,758 కోట్ల రూపాయలు, అందులో కేంద్రం ఇచ్చేది 97,631 కోట్లు. సరఫరాలో, బిల్లుల వసూలులో పోయే ఏటీ అండ్ సీ నష్టాలను 12 నుంచి 15 శాతానికి దించాలన్నది లక్ష్యం, గ్రాంటును ఫలితాలకు ముడిపెట్టారు. అంటే సమయానికి ఛార్జ్ చేయని డిస్కం గ్రాంటు కూడా వదులుకోవాల్సి రావచ్చు. ఇలాంటి పథకం నడిచే రోజుల్లో తయారీదారుల దగ్గర స్లాట్లు ముందే పట్టుకోవాలి. అల్యూమినియం, రాగి ధరలు మారినప్పుడు కాంట్రాక్టరు చేతులెత్తేయకుండా ఒప్పందంలో విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం ఐఈఈఎంఏ సూచీల ప్రకారం ధరల సవరణ నిబంధన పెట్టుకోవాలి.

విశాఖలో భూగర్భ కేబుళ్ల ఆలోచన గట్టిపడింది హుద్‌హుద్ తర్వాతే, ప్రపంచబ్యాంకు రుణంతో పెద్దఎత్తున మొదలైందీ అప్పుడే. ఆ రోజుల్లో నగరం చీకట్లో ఉన్నప్పుడు స్తంభాలతో పాటు చెట్లు కోసే రంపాలు, క్రేన్లు, డీజిలు కూడా కావలసి వచ్చాయి. ఫోన్లు పనిచేయక ఏ గ్యాంగు ఎక్కడుందో తెలిసేది కాదు. బయటి జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్లకు ఫీడరు రూటు చూపించే స్థానిక మనిషి ఒకడు వెంట ఉంటేనే పని సాగేది. కాబట్టి ప్రాజెక్టు ప్లాన్‌లోనే స్పేర్లు కూడా కొనండి. కేబుల్ వ్యవస్థలో ఫాల్టు వస్తే స్తంభం నిలబెట్టినంత తొందరగా బాగుకాదు. స్పేర్ కేబుల్ ముక్కలు, జాయింట్ కిట్లు, ఫాల్టు లొకేటర్ వ్యాను, శిక్షణ పొందిన మనుషులు లేకుండా అప్పగిస్తే ఆ ప్రాజెక్టు సగమే అయినట్టు.

సాఫ్ట్‌వేర్ ఏది వాడాలని కూడా అడిగారు. ఏదైనా పర్లేదు, ఎక్సెల్ చాలు. అందులో వరసలు కేబుల్ కిలోమీటర్లుగా కాక, ఛార్జ్ చేయగల సెక్షన్లుగా రాయండి. ఒక్కో సెక్షన్‌కీ ఎదురుగా అనుమతి, ఆర్‌ఎంయూ స్థలం, కిట్లు, జాయింటరు తేదీ, టెస్టు, లైన్ క్లియర్ తేదీ. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ సెక్షన్‌కి గ్యాంగును పంపొద్దు. 80 శాతం పూర్తి అని నెలవారీ రిపోర్టులో రాయడం మానేసి, ఎన్ని సెక్షన్లు ఛార్జ్ అయ్యాయో రాయండి.

ఈ రెండు నెలల్లో మీరు చేయగలిగింది చెబుతాను. మిగిలిన అయిదు కిలోమీటర్ల తవ్వకం ఈ వారమే ఆపేయండి. మూడు ఫీడర్లలో పూర్తికావడానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఒకటి ఎంచుకుని, తవ్వే గ్యాంగులను దాని ఆర్‌ఎంయూ ఫౌండేషన్ల మీదికి మార్చండి. ఇంటి ముందు ఆర్‌ఎంయూ వద్దని ఎవరైనా అడ్డుపడుతుంటే ఆ స్థలం గొడవ మీరే స్వయంగా వెళ్లి తేల్చండి, సూపర్‌వైజరుకి వదిలేయొద్దు. జాయింటర్లు రెండు టీములు కావాలి, బయట నుంచి రప్పించాల్సి వచ్చినా రప్పించండి. పడిన కేబుళ్ల చివర్లు అన్నీ తిరిగి చూసి, క్యాపులు ఊడినవాటికి వానలకు ముందే సీలు వేయించండి. చెమ్మ దిగినట్టు అనుమానం ఉన్న ముక్కను మీటరో రెండు మీటర్లో కోసేసి మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్ష) చేయండి. జాయింట్లు, టెర్మినేషన్లు, టెస్టులకు పాతలైను ఆపక్కర్లేదు కాబట్టి వేసవైనా అవి నడుస్తాయి. లోడు మార్చడానికి మాత్రం ఆపరేషన్ ఏఈతో కూర్చుని మే నెలలో మూడు నాలుగు ఆదివారాల తెల్లవారుజాములు అడగండి, మీ సెక్షన్ల పట్టిక చూపించి అడిగితే ఇస్తారు. మిగతా రెండు ఫీడర్లకు ఎన్‌హెచ్ క్రాసింగ్ దరఖాస్తు ఇంకా పెట్టకపోతే అదీ ఈ వారమే పెట్టండి, డిసెంబరుకి చేతికి రావాలి.